పైడమ్మ నిప్పులో వాటాలు

లోకంలో పొగ తాగేవాళ్లందరూ నిప్పు బయట పెట్టుకుని పొగ లోపలికి పీలుస్తారు. గరికిన పైడమ్మ నిప్పే లోపల పెట్టుకుంటుంది. చుట్ట వెలిగించి, వెలిగిన కొసని నోట్లోకి తిప్పి పెదవులు మూసేస్తుంది. ఆ ఒడ్డున దీన్ని అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి ఆరదు, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి, పెద్దల ఎదట పొగ కనబడదు కనక మర్యాదకీ లోటు లేదు. ఇన్ని సుగుణాలున్న అలవాటుని మానమంటే ఎవరు మాత్రం మానతారు?

పైడమ్మ భీమిలి దగ్గర ఒక రేవులో చేపల వేలం పాడుతుంది. పడవ ఒడ్డుకి తగిలి, గంప ఇసకలో దించారో లేదో, నోట్లో నిప్పు నోట్లో ఉండగానే గొంతెత్తుతుంది. నాలిక కాలకుండా ఆ మాట ఎలా బయటికొస్తుందో ఆవిడకీ తెలీదు, వాళ్లమ్మకీ తెలీదు. ఒకరు నేర్పితే వచ్చింది కాదు, చూసి అబ్బింది. బేరగాళ్లు రోడ్డు మీద లారీలో కూర్చునే వంజరం చేప ధర వినేస్తారు. ఒకసారి రేవులో మైకు పెడతామని ఎవరో అంటే, ముందు నాకంటే గట్టిగా అరిచే మైకుని తెమ్మంది.

అలాటి మనిషి ఒకరోజు పంటినొప్పని విశాఖపట్నంలో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. వెంట కోడలు హైమావతి ఉంది. డాక్టరు పన్ను వదిలేసి అంగిలి మీద లైటు వేసి, అద్దం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటి డాట్రుబాబూ, ముత్తేలేటన్నా కనబడ్డాయా?" అంది పైడమ్మ.

అంగిలంతా తెల్లగా మందంగా కట్టింది. మధ్యలో ఎర్రటి చుక్కలున్నాయి. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. కాన్సరు ఇంకా కాలేదుగానీ అయ్యే దారిలో ఉందని తేలింది. చుట్ట పూర్తిగా మానేస్తే వెనక్కి తగ్గొచ్చన్నాడు డాక్టరు. వానాకాలం వెళ్లాక మళ్లీ చూస్తాననీ, అప్పటికీ ఇలాగే ఉంటే అంగిలి కొంత కోసెయ్యక తప్పదనీ చెప్పాడు.

"కోసేత్తే ఏటవుద్ది?"

"తినడానికి ప్లేటు అమరుస్తాం. మాట మాత్రం ఇదివరకటిలా రాదమ్మా. ముక్కులోంచి వస్తుంది."

ముక్కుతో వేలం పాడితే గంపలో చేపలు కూడా నవ్వుతాయని చెప్పి, దారి పొడుగునా బస్సులో అందరినీ నవ్వించింది పైడమ్మ. ఇంటికొచ్చాక వలల గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుని ఏడ్చింది. హైమావతి విన్నది. కాపరానికొచ్చాక అత్తగారి ఏడుపు వినడం అదే మొదలు. ఆ ఏడుపు కూడా గట్టిగొంతుతోనే ఉంది, అందుకు హైమావతికి ఇంకా దుఃఖం వచ్చింది.

మానడానికి ప్రయత్నించలేదని కాదు. నికోటిన్ చూయింగ్ గమ్ నమిలితే కట్టుడుపన్ను ఊడొచ్చింది. భుజానికి పట్టీ అంటిస్తే, "రోగం నోట్లో ఉంటే మందు బుజానికేటి?" అని పీకేసింది. చుట్ట లేని మొదటి పూట కొడుకు సూరిబాబు మీదకి గ్లాసు విసిరింది. రెండో పూట ఖరీదైన వంజరాన్ని చిన్నచేప నెత్తళ్ల ధరకి పాడేసింది. సాయంత్రానికి రేవు పెద్దలే వచ్చి, ఆరోగ్యం సంగతి తరవాత చూద్దాం, ముందిది వెలిగించు తల్లీ అని చుట్ట చేతిలో పెట్టారు.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. హైమావతి ఉద్యోగమే పొగ మాన్పించే పరిశోధనలో. అత్త చేత మాన్పించలేనిదానివి ఊరి చేత ఏం మాన్పిస్తావని సూరిబాబు ఎత్తిపొడిచేవాడు. అతను బడిలో డ్రిల్లు మాస్టారు. ఈల వేస్తే ఏదైనా ఆగిపోతుందని అతని నమ్మకం.

వాళ్ల పరిశోధనశాల విశాఖలో ఒక కొండ మీద ఉంది. పెద్ద డాక్టరు నీలకంఠం. సోంపు నముల్తూ ఆలోచించే మనిషి, ఆలోచన లోతుగా ఉంటే సోంపు డబ్బా ఖాళీ అయిపోతుంది. వాళ్లు మొదట పొగ యావని చంపేద్దామనే చూశారు. ఎలుకలకి పొగ అలవాటు చేసి, మెదడులో ఆ యావ లేచే చోటు మూసేశారు. ఎలుకలు పొగ మానేశాయి. దాంతోపాటు బెల్లమూ మానేశాయి. ఆడడం మానేశాయి, పిల్లలు మీదెక్కి పాకినా పట్టించుకోలేదు. నీలకంఠం ఆ బోను ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "యావని చంపబోతే బతుకే చప్పబడిపోతోందమ్మా. దీన్ని చంపకూడదు, ఎక్కడికైనా పంపాలి" అన్నాడు.

అలా పుట్టింది బిళ్ల. శనగబద్దంత ఉంటుంది, చెవి వెనక అంటిస్తారు. ఒకరిలో యావ లేవగానే దాన్ని పట్టుకుని, రెండోవారి చెవి వెనకున్న బిళ్లలోకి దాటించేస్తుంది. అక్కడికి వెళ్లింది ఇక్కడ మిగలదు. రెండోవాళ్లకి పొగ అలవాటు లేదు కనక ఆ యావ వేళ్లూనడానికి చోటు దొరక్క కాసేపు గింజుకుని పోతుంది. ఒక బస్సు డ్రైవరు సిగరెట్టు యావని అతని బావమరిదికి దాటించి చూశారు. డ్రైవరు హాయిగా బస్సు తోలుకున్నాడు. బావమరిది వేళ్లు విరుచుకుంటూ, అగ్గిపెట్టె తిప్పుకుంటూ కూర్చుని, ఇంతేనా అన్నాడు.

"మా అత్తది నేను మోస్తాను సార్" అంది హైమావతి.

నీలకంఠం సోంపు నమిలాడు. "సరే. కానీ షరతు గుర్తుంది కదా. మోసేవాళ్లు పొగ ముట్టుకుంటే ప్రయోగం ఆ క్షణమే ఆగిపోతుంది. ఒకరిని బాగుచెయ్యబోయి ఇంకొకరిని పాడుచెయ్యను."

పైడమ్మకి ఆయన అంతా విడమరిచి చెప్పాడు. ఆవిడ అంతా విని తలూపి, తన యావ వెళ్లి కంప్యూటర్లో పడుతుందని అర్థం చేసుకుంది. కోడలికి కాస్త వేళ్లు దురదపెడతాయన్నమాట చెవిన పడిందిగానీ, పొద్దస్తమానం టకటకలాడించే వేళ్లకి అదో లెక్కా అనుకుంది.

బిళ్ల అంటించిన మర్నాడు పైడమ్మ ఖాళీ నోటితో రేవుకి వెళ్లింది. యావ లేదు, చిరాకు లేదు. అడ్డం లేని నోటితో పాడిన పాటకి లారీల వాళ్లు దిగి వచ్చి చూశారు. మధ్యాహ్నం చేపల పులుసు తిని, "ఇందులో మెంతులేత్తావేటే నువ్వు? ఇన్నాళ్లూ సెప్పనేదు" అని కోడల్ని మెచ్చుకుంది.

హైమావతికి వేళ్లు దురదపెట్టలేదు. అంగిలి చల్లబడిపోయింది. నోటికి పైకప్పు లేచిపోయి లోపలికి గాలి కొడుతున్నట్టుంది. ఆ చోట వేడి తగలాలి, ఇప్పుడే తగలాలి. పొయ్యి మీద మరుగుతున్న టీ అలాగే తాగేసింది. ఇడ్లీ పాత్రలోంచి నేరుగా ఇడ్లీ నోట్లో వేసుకుంది. పరిశోధనశాల గేటు దగ్గర మిరపకాయ బజ్జీలవాడు, మూకుట్లోంచి తీసిందాన్ని తీసినట్టే తినే మనిషిని ఎప్పుడూ చూడలేదు, దండం పెట్టాడు.

జరిగిందేమిటో ఆవిడకి అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ వాళ్లు పరీక్షించింది సిగరెట్లు తాగేవాళ్లని. వాళ్ల యావ వేళ్లలో, పెదాల్లో ఉంటుంది. అడ్డపొగ యావ అంగిలిలో ఉంది, దానికి కావలసింది నిప్పు. పుట్టి పెరిగింది రేవులోనే అయినా హైమావతికి ఆ సంగతి ముందుగా తోచలేదు. ఆవిడ చదివిన పుస్తకాలన్నిటిలోనూ నిప్పు బయటే ఉంది. సార్‌కి చెబితే ప్రయోగం ఆపేస్తారు. వానాకాలం ఇంకా సగం కూడా కాలేదు. చెప్పకూడదనుకుంది. అదే తప్పు.

ఇంట్లో దీనికి వేరే అర్థం పుట్టింది. కోడలు వేళాపాళా లేకుండా మండే వస్తువులు తింటోంది, అన్నం సహించడం లేదు, అడిగితే నోరు విప్పడం లేదు. పైడమ్మ ఇక ఆగలేదు. కోడలికి వేవిళ్లని రేవంతా చాటేసింది, మైకు అక్కర్లేని గొంతాయె. రేవులో తోటి ఆడవాళ్లు కదిలొచ్చారు, కాసులమ్మ చింతకాయ పచ్చడి తెచ్చింది. అప్పలకొండ పాలసొర పిట్టు వండుకొచ్చింది. బాలింతలకి పెట్టేది ఇప్పట్నుంచీ ఎందుకే అంటే, అలవాటవుద్దని పెట్టేసింది. సూరిబాబు ఇంట్లో ఈల వెయ్యడం మానేశాడు. హైమావతి కాదనబోతే కాలిన నోట్లోంచి మాట రాలేదు. సిగ్గుపడుతోందనుకున్నారు.

ఒక మధ్యాహ్నం వేలం తొందరగా అయిపోయింది. పైడమ్మ పెరట్లో చేపలు ఎండేసిన పందిరి వెనక్కి వెళ్లింది. అక్కడ పీట మీద హైమావతి కూర్చుని ఉంది. నోట్లో చుట్ట, నిప్పు లోపలికి. ఎడమ దవడ ఉబ్బింది, కుడి కన్ను సగం మూసి ఉంది. ఆ మొహంలో పైడమ్మ తనని తాను చూసుకుంది. నిప్పుని ఎడమ దవడకి తోసి, కుడి కన్ను మూసేది ఆ రేవులో తనొక్కతే.

"ఊసెయ్యి" అంది.

హైమావతి ఊసేసి, ఊపిరాడక దగ్గింది. పైడమ్మ కోడలి గెడ్డం పట్టుకుని నోరు తెరిపించి, ఎండకేసి తిప్పి చూసింది. అంగిలి నిండా బొబ్బలు.

"ఇయ్యి ఏవిళ్లు కావు గదా?"

హైమావతి కాదన్నట్టు తలూపింది.

"నా నిప్పేనా?"

"నీదే అత్తా."

పైడమ్మ ఇసకలో చతికిలబడింది. మనవడి కోసం ఎన్ని పేర్లనుకుందో, అన్నీ ఒక్కసారి పోయాయి. కాసేపటికి చెవి వెనక బిళ్ల పీకి కోడలి ఒళ్లో పడేసింది.

"నాది నాకిచ్చీ."

"ఇచ్చేస్తే నీ గొంతు పోతుంది అత్తా."

"పోతే పోద్ది. అరిసినంత కాలం అరిసేను. నీ నోరు కాల్సి నాను పాడే పాట నాకొద్దే అమ్మీ."

కింద పడ్డ చుట్ట తీసి, తుడిచి, తన నోట్లో పెట్టుకుంది. హైమావతికి అత్త మీద కోపం, ప్రేమ, రెండూ ఒకేసారి వచ్చి ఏం చెయ్యాలో తోచక ఆవిడ భుజమ్మీద తల పెట్టుకుని ఏడ్చింది.

నీలకంఠానికి దాచకుండా చెప్పేసింది. ఆయన తిట్టలేదు. షరతు ప్రకారం ప్రయోగం ఆపేసి, ముందు నీ నోటికి మందు రాయించుకోమని పంపేశాడు.

నోరు మానేదాకా సెలవు. ఒక ఉదయం హైమావతి ఊరికే రేవులో కూర్చుని వాటాలు వెయ్యడం చూస్తోంది. పడవకో వాటా, వలకో వాటా, సముద్రంలోకి వెళ్లిన ప్రతివాడికీ వాటా. జ్వరమొచ్చి ఒడ్డునే ఉండిపోయిన ఎర్రయ్యకీ సగం వాటా. ఎవరూ ఎవరినీ అడగడం లేదు, చిన్నప్పట్నుంచీ అలాగే చూస్తోంది. ఈరోజు మాత్రం లేచి నిలబడింది. వేవిళ్లు లేని మనిషి పరుగెత్తితే ఎవరూ ఆపరు కనక బస్సు దాకా పరుగెత్తింది.

"యావని ఒక్కరికి దాటించకుండా ముప్ఫై మందికి పంచితే సార్? మా రేవులో ఆడవాళ్లు ముప్ఫైమందీ ఒకరిది ఒకరు మోస్తారు."

నీలకంఠం బోర్డు మీద లెక్క వేశాడు. "వాళ్లంతా అడ్డపొగ వాళ్లే కదా. ముప్ఫైమంది ముప్ఫై యావలు తెచ్చి ముప్ఫై వాటాలేస్తే, తలా ఒక యావే వస్తుంది. పంచి ఏం బావుకున్నట్టు?"

"ముప్ఫై పడవలూ ఒక్కసారే ఒడ్డుకి రావు సార్. మా అత్తకి వేలం అప్పుడు లేస్తుంది. కాసులమ్మకి అన్నం తిన్నాక. అప్పలకొండకి గాలి తిరిగినప్పుడు, కొడుకు సముద్రంలో ఉంటాడు కదా. ఎప్పటిదప్పుడు పంచుకుంటే ఒక్కొక్కరికీ వచ్చేది గోరువెచ్చటి నీళ్లకి పోయేంత."

నీలకంఠం బోర్డు వైపు చూస్తూ డబ్బాలో సోంపంతా తినేశాడు. ఆ తరవాత అనుమతి కమిటీ ముందు కూర్చుని ఒప్పించాడు. కమిటీలో ఒకాయన, ముప్ఫైమందికీ ఒక్కసారే కోపమొస్తే ఎవరిది బాధ్యత అని అడిగాడట. వాటా ఎంత బరువుంటుందో తెలియాలని మొదటి బిళ్ల నీలకంఠమే అంటించుకున్నాడు, రెండోది హైమావతి అంటించుకుంది.

పైడమ్మని ఒప్పించడమే కష్టమైంది.

"నా నిప్పు ముప్పై నోళ్లలో ఎడతావేటే?"

"వాళ్ల నిప్పు కూడా నీ నోట్లో పడుతుంది అత్తా. మోసేవాళ్లందరూ మోయించుకునేవాళ్లే."

పైడమ్మ ఆలోచించింది. "అలాగైతే సరే. ఉట్టినే ఎవులి మీదా బరువెయ్యను."

మొదటి వారం రేవు రేవులా లేదు. కాసులమ్మ అన్నం తిని చెయ్యి కడుక్కోగానే అందరికీ అంగిలి చల్లబడేది. "అదిగో, కాసులు కంచం ఎత్తీసింది" అని చెంబులెత్తి తలో గుక్క వేడినీళ్లు తాగేవారు. యావ పోయేది. కొన్నాళ్లకి ఏ చల్లదనం ఎవరిదో చెప్పగలిగేలా అయ్యారు. కొండ మీద నీలకంఠం కూడా మీటింగు మధ్యలో ఆగి, కాసులమ్మగారి భోజనం అయింది అని రాసుకునేవాడు.

నష్టం లేకపోలేదు. యావ మనసుని బట్టి లేస్తుంది, దాన్ని పంచుకుంటే మనసూ కాస్త బయటపడుతుంది. నూకాలు ఇంట్లో మొగుడు గొంతు లేచినప్పుడల్లా రేవంతా నోరు చల్లబడి అటు చూసేది. నూకాలు నాలుగు రోజులు ఓర్చుకుని బిళ్ల పీకేసింది. నా గొడవ నాదే, నా పొగ నాదే అంది. హైమావతి ఎంత బతిమాలినా రాలేదు. వాటాల పద్ధతి అందరికీ సరిపడదని ఆవిడ పరిశోధనలో రాసుకుంది, రాస్తున్నప్పుడు బాధపడింది.

అదే పద్ధతి అప్పలకొండని నిలబెట్టింది. ఒక సాయంత్రం గాలి మారింది, కొడుకు పడవ రాలేదు. ఎవరితోనూ అనకుండా ఇంట్లో కూర్చుంది అప్పలకొండ. ఎవరూ చెప్పకుండానే రేవులో ఆడవాళ్లంతా వేడినీళ్ల చెంబులతో ఆవిడ గుమ్మంలో వచ్చి కూర్చున్నారు. పడవ చీకటి పడకముందే వచ్చింది. అప్పలకొండ కొడుకుని తిట్టిన తిట్లకి మాత్రం వాటాలు వెయ్యలేదు.

వానలు వెళ్లాయి. పైడమ్మని పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే రోజు వచ్చింది. కుర్చీలో వెనక్కి వాలి, కాళ్లు బిగించి, నోరు తెరిచింది. డాక్టరు లైటు వేశాడు. మళ్లీ అద్దం అటూ ఇటూ తిప్పుతున్నాడు.

పక్కన నిలబడ్డ హైమావతికి అంగిలి చల్లబడింది. అత్త భయపడుతోంది. పైకి రాయిలా కూర్చున్న మనిషి లోపల ఎంత వణుకుతోందో ఆ చలి చెబుతోంది. ఈ క్షణాన దూరంగా రేవులో అందరి నోళ్లలోనూ ఇదే చలి ఉంటుందని తెలిసి, హైమావతి అత్త పాదం పట్టుకుంది. ఆ చలి లేస్తూనే ఉంది, డాక్టరు చూస్తూనే ఉన్నాడు.

"తెల్లదనం పల్చబడిపోయింది. ఎర్ర చుక్కలు పోయాయి. కొయ్యక్కర్లేదమ్మా. ఇకమీదట నిప్పు ముట్టుకోకుండా అప్పుడప్పుడూ వచ్చి చూపించుకో."

పైడమ్మ నోరు మూసింది. హైమావతి కళ్లు తుడుచుకుంటూ వరండాలోకి వచ్చి కాసులమ్మకి ఫోన్ చేసింది. హలో అనే లోపలే కాసులమ్మ అందుకుంది.

"తెలిసిందిలే పిల్లా. ఇప్పుడే నోట్లో గాలాగిపోనాది. అందరం ఒక్కపాలే నెగిసి నిలబడ్డాం."

"మీరంతా ఒక్కచోటే ఉన్నారా?"

"మరేటనుకున్నావు? మీ అత్త బయం నోట్లో ఎట్టుకుని ఎవులు పని సేత్తారు? పడవలొచ్చి సానాసేపయింది. సేపలు ఎండకి పోతన్నాయి, లారీలోలు అరుత్తన్నారు. యేలం పాడీవోలు నేరు."

పైడమ్మ వెనకే వచ్చి నిలబడి వింటోంది. చెయ్యి చాపింది. "ఫోనిలాగియ్యి. కాసులూ, స్పీకరెట్టి పైకెత్తు. ఏ గంప ముందు దించేరు? వంజరవేనా?"

నడుం మీద చెయ్యి వేసుకుని, గొంతు సవరించుకుని, ఆసుపత్రి వరండాలో వేలం మొదలెట్టింది. ఆ గొంతు అంగిలికి కొట్టుకుని, గోడలకి కొట్టుకుని, మెట్ల మీదుగా వీధిలోకి వెళ్లిపోయింది. డాక్టరు తలుపు తీసుకుని బయటికొచ్చాడు. బెంచీల మీద దవడలు పట్టుకుని కూర్చున్న రోగులంతా నొప్పి మరిచిపోయి చూస్తున్నారు. హైమావతి నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలీలేదు, ఆపే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

రేవులోంచి ఒక లారీవాడు పాట పెంచాడు. పైడమ్మ ఇంకెవరన్నా ఉన్నారా అని ఫోన్లోకి కేకేసింది. బెంచీ చివర, చెంప వాచి నోరు తెరవలేని ముసలాయన ఒకడు మెల్లిగా చెయ్యెత్తాడు.

"బాబుగారిది ఇంకో యాబై" అంది పైడమ్మ.